తీసేస్తేనే నిలిచే సైటు

పదిహేనిరవై ఏళ్ళ కిందట మొదలైన తెలుగు సొంత సైటు ఏదైనా ఇవాళ తెరిస్తే ఒక్కోసారి అందులో తెలుగు కనబడదు. నెత్తిమీద ఏటవాలు గీతతో ఇంగ్లీషు చిన్న ‘ఎ’, దాని పక్కన డిగ్రీల గుర్తు, ఆ పైన ఇంకేదో గుర్తు, మళ్ళీ అదే ‘ఎ’, ఈసారి పక్కన ప్లస్సూ మైనస్సూ కలిపిన గుర్తు. పేజీ పొడుగునా ఇదే వరస. సైటుకు వైరస్ పట్టిందనుకుని మూసేస్తారు చాలామంది. కానీ అక్కడున్నది తెలుగే. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. రెండోది రెండు రకాల్లో ఏదో ఒకటి. మూడోదాన్ని బట్టే అది ‘క’ అవుతుందో ‘మ’ అవుతుందో తేలుతుంది. ఈ బైట్లనే పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1 పద్ధతిలో చదివితే పైన చెప్పిన గందరగోళం వస్తుంది. సొంత సైట్లలో ఎక్కువగా వాడిన మైసీక్వెల్ డేటాబేస్, 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే దేన్నయినా లాటిన్-1 అనే అనుకునేది. సైటు తెలుగు బైట్లు ఇచ్చింది, డేటాబేస్ వాటిని లాటిన్ అనుకుని దాచింది, అడిగినప్పుడు అవే బైట్లు తిరిగిచ్చింది. ఇద్దరూ ఒకే పొరపాటు చేసినన్నాళ్ళూ పాఠకుడికి ఏ తేడా తెలియలేదు. సర్వర్ మారిన రోజున ఒకరు దిద్దుకున్నారు, రెండోవారు దిద్దుకోలేదు. అంతే, పదేళ్ళ రాత ఒక్క రాత్రిలో అర్థం లేని గుర్తులైపోయింది.

రాసినవారు ఆ రాతను ముట్టుకోలేదు, ఒక్క అక్షరం మార్చలేదు. చెడింది దాని చుట్టూ ఉన్న యంత్రాంగం. చాలాకాలంగా సొంత సర్వర్ మీద నడుస్తున్న వ్యక్తిగత సైటును తిరగకట్టాలనుకునేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఈ సైటులో నాది ఏది, యంత్రానిది ఏది? నా లెక్క ప్రకారం యజమాని సొత్తు రెండే: రాత (బొమ్మలతో కలిపి), ఆ రాత దొరికే చిరునామా. థీములు, ప్లగిన్లు, డేటాబేస్, మెనూలు, విజిటర్ల లెక్క చూపే మీటర్లు, షేర్ బటన్లు, ఇవన్నీ అద్దెకు తెచ్చుకున్న షామియానా సామాను. తిరగకట్టడం అనగానే చాలామంది కొత్త షామియానా కోసం వెతుకుతారు, కొత్త రంగులు చూస్తారు. సైటు ఇంకో ఇరవై ఏళ్ళు నిలవాలంటే మాత్రం పని అటు నుంచి మొదలుపెట్టకూడదు. ఏమేం తీసేయవచ్చో చూసి, రాతా చిరునామా తప్ప దేని మీదా మమకారం లేకుండా తీసేయాలి.

ఇంత కఠినంగా ఎందుకంటే, యంత్రాంగానికి ఆయుష్షు తక్కువ, ఆ ఆయుష్షు మన చేతిలో ఉండదు. మామూలు సైటులో పాఠకుడు పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వర్‌లో ఒక ప్రోగ్రాము నిద్రలేచి, డేటాబేస్‌ను అడిగి, ముక్కలు తెచ్చి, అతికించి, పేజీ తయారుచేసి పంపుతుంది. పుస్తకాల కొట్టులో పుస్తకం అడిగితే కొట్టాయన అప్పటికప్పుడు అక్షరాలు కూర్చి అచ్చువేసి ఇచ్చినట్టు. ఆ అచ్చుయంత్రంలో ఏ మర చెడినా పుస్తకం రాదు. మరలు వాటంతటవే చెడతాయి కూడా. 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చినప్పుడు, డేటాబేస్‌తో మాట్లాడే పాత ఆదేశాల గుంపు ఒకటి పూర్తిగా తీసేశారు. ఎవరో స్నేహితుడు 2004లో సరదాగా రాసిచ్చిన పీహెచ్‌పీ సైట్లు, హోస్టింగ్ వాళ్ళు వెర్షన్ మార్చిన రోజున తెల్లమొహం వేశాయి. ఫ్లాష్‌తో చేసిన ముఖచిత్రాలు 2020 చివరితో ఆగిపోయాయి. సొంత సర్వర్లలో విరివిగా వాడిన సెంటాస్ 7కు 2024 జూన్ 30 తర్వాత భద్రతా సవరణలు లేవు. గూగుల్ అనలిటిక్స్ పాత రకం 2023 జులై 1 నుంచి లెక్కించడం మానేసింది, అయినా దాని కోడ్ ముక్క ఎన్నో సైట్లలో ఇంకా పనికిరాని బరువుగా వేలాడుతోంది. యజమాని ఏ తప్పూ చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, సైటు పాడవుతుంది.

పైగా తలుపు తట్టేవాళ్ళు ఉంటారు. కొత్త సర్వర్ ఇంటర్నెట్‌లోకి వచ్చిన కాసేపటికే, ఎక్కడెక్కడి బాట్లో (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) వచ్చి వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందేమోనని వెతకడం మొదలుపెడతాయి. అక్కడ వర్డ్‌ప్రెస్ లేకపోయినా సరే, వెతుకుతూనే ఉంటాయి. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ ఇవాళ ప్రపంచంలోని సైట్లలో 40 శాతానికి పైగా నడుపుతోంది కాబట్టి దొంగలకు ఆ తాళం మీదే గురి. వర్డ్‌ప్రెస్ చెడ్డదని కాదు, దాని మూల ప్రోగ్రామును శ్రద్ధగానే చూసుకుంటారు. బెడద ఎక్కువగా ప్లగిన్లతో వస్తుంది. ఎప్పుడో ఒక పండక్కి ఫోటోల గ్యాలరీ కోసం వేసుకున్న ప్లగిన్, దాన్ని రాసినవాడే వదిలేసిన తర్వాత కూడా, మన సైటులో కిటికీ తెరిచి పెట్టుకుని కూర్చుంటుంది.

మరి తేలిక చేసిన సైటు ఎలా ఉంటుంది? ప్రతి వ్యాసమూ ఒక ఫైలు. అచ్చయి అల్మారాలో ఉన్న పుస్తకంలాగా సర్వర్ దాన్ని తీసి ఇచ్చేస్తుంది, అప్పటికప్పుడు ఏదీ తయారు చేయదు. దీన్ని స్టాటిక్ సైటు అంటారు. ఇది కొత్త కనిపెట్టుడు కాదు. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్‌లో కట్టిన ప్రపంచపు మొదటి సైటు ఇలాంటిదే. 2013లో సెర్న్ ఆ పాత ఫైళ్ళను మళ్ళీ పాత చిరునామాలోనే పెట్టింది, వాటిని ఇవాళ్టి ఫోన్‌లో కూడా ఇబ్బంది లేకుండా చదువుకోవచ్చు. 2001లో వచ్చిన మూవబుల్ టైప్ కూడా పేజీలను ముందే తయారుచేసి ఫైళ్ళుగా పెట్టేది. తర్వాత ప్రపంచం డేటాబేస్‌ల వైపు వెళ్ళి, 2008లో జెకిల్, 2013లో హ్యూగో లాంటి పనిముట్లతో చుట్టు తిరిగి ఇక్కడికే వచ్చింది. రాసేవారు మామూలు టెక్స్ట్ ఫైలులో రాసుకుంటే ఈ పనిముట్లు దాన్ని హెచ్‌టీఎంఎల్ పేజీగా మారుస్తాయి. మొత్తం బరువెంతో ఒకసారి లెక్కేద్దాం. ఇరవై ఏళ్ళలో ఒక మనిషి రెండు వేల మాటల వ్యాసాలు అయిదు వందలు రాశాడనుకుందాం. తెలుగు మాటకు సగటున పాతిక బైట్లు వేసుకుంటే వ్యాసానికి 50 కేబీ, అన్నీ కలిపి 25 ఎంబీ. ఫోన్‌లో తీసిన ఒక నిమిషం పెళ్ళి వీడియో అంతకంటే బరువుంటుంది. ఒక జీవితకాలపు రాత అరచేతిలో పెన్‌డ్రైవ్‌లో మూలకు సరిపోతుంటే, దాన్ని నడపడానికి ఇంత కార్ఖానా ఎందుకు?

ఈ వాదనను చివరిదాకా లాగి చూసినవారు ఒకరున్నారు. బార్సిలోనాలో క్రిస్ డి డెకర్ 2007 నుంచి లో-టెక్ మ్యాగజైన్ నడుపుతున్నారు, పాతకాలపు సాంకేతికతల మీద పొడవాటి వ్యాసాలు అందులో ఉంటాయి. 2018లో ఆ సైటును ఇద్దరు డిజైనర్ల సాయంతో ఇంటి బాల్కనీలోకి తెచ్చారు. 50 వాట్ల సోలార్ పలక, ఒక బ్యాటరీ, అరచేయంత సర్వర్. ఆ సర్వర్ తీసుకునే కరెంటు 1 నుంచి 2.5 వాట్లు, మన ఇళ్ళలో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులో మూడో వంతు కూడా కాదు. అంత తక్కువతో నడవాలంటే సైటు సన్నబడక తప్పలేదు. డేటాబేస్ పోయింది. ప్రత్యేకమైన ఫాంటు పోయి, చదివేవారి కంప్యూటర్‌లో ఏది ఉంటే అదే వచ్చింది. బొమ్మగా ఉండే లోగో పోయి ఉత్త అక్షరాలు మిగిలాయి. ఫోటోలను చుక్కల బొమ్మలుగా మార్చారు, పాత దినపత్రికల్లో ఫోటోలు కనిపించే తీరుకు దగ్గరగా. సగటు పేజీ బరువు దాదాపు అయిదో వంతుకు పడిపోయింది. మబ్బులు కమ్మి బ్యాటరీ ఖాళీ అయితే సైటు ఆగుతుంది, ఆ సంగతి పాఠకులకు ముందే చెప్పి పెట్టారు. మొదటి ఏడాదిలో 95 శాతం సమయం అది నడుస్తూనే ఉంది. సోలార్ పలక మనందరికీ అక్కర్లేదు, హైదరాబాద్ వానాకాలంలో ఎవరూ అంత పట్టుదలకు పోనవసరం లేదు కూడా. నేర్చుకోవలసింది ఒకటే. ఇన్ని తీసేసినా పాఠకుడు చదవడానికి వచ్చిన వ్యాసంలో ఒక్క వాక్యం తగ్గలేదు.

చిరునామా సంగతి ఇంతకంటే ముఖ్యం, ఎక్కువమంది తప్పులో కాలేసేది కూడా ఇక్కడే. మంచి చిరునామాలు మారవని, మార్చేది మనుషులేనని 1998లోనే బెర్నర్స్-లీ ఒక చిన్న వ్యాసంలో వాదించారు. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత తెరుచుకోవడం లేదు. సైటు తిరగకట్టేవారు తమకు తెలియకుండానే ఈ లెక్కను పెంచుతుంటారు. పాత చిరునామాలో తేదీ ఉండేది, కొత్తదాంట్లో తీసేస్తారు. వేరేచోట ఎవరో ఇచ్చిన లింకు, వికీపీడియా వ్యాసం కింద పెట్టిన లింకు, అన్నీ ఒక్కసారిగా గోడకు గుద్దుకుంటాయి. తెలుగు సైట్లకు ఇంకో చిక్కుంది. చిరునామాలో తెలుగు అక్షరం వస్తే బైటుకు మూడు చొప్పున అది తొమ్మిది గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ చిరునామా ముక్కకు 200 గుర్తులే కేటాయించింది. అంటే 22 అక్షరాలు. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి పెద్ద శీర్షిక పెడితే మూడో మాటో నాలుగో మాటో సగంలో తెగిపోతుంది. కొత్త సైటు కట్టేటప్పుడు శీర్షిక నుంచి చిరునామా మళ్ళీ తయారు చేయిస్తే అది పూర్తిగా వస్తుంది, చూడటానికి బాగుంటుంది, పాత లింకు చస్తుంది. అందంగా లేకపోయినా ఆ తెగిన చిరునామానే ఉంచాలి. మార్చక తప్పనిచోట పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్ళింపు పెట్టాలి, దాన్ని ఎప్పటికీ తీయకూడదు. పని మొదలుపెట్టే ముందు పాత చిరునామాలన్నీ జాబితా రాసుకుని, అయ్యాక ఒక్కొక్కటీ తెరిచి చూడటం విసుగు పుట్టించే పనే. మొత్తం పనిలో అసలైన పని అదే.

సాదా రూపమే ఎక్కువ కాలం బతుకుతుందనడానికి తెలుగులోనే మంచి రుజువుంది. యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఇంటర్నెట్‌లో తెలుగు రెండు దారుల్లో నడిచింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఒకటి. అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990ల తొలినాళ్ళలో న్యూస్‌గ్రూపుల్లో వాడుకున్నది ఇదే, చూడటానికి ఏమాత్రం బాగుండదు. రెండోది సొంత ఫాంటు దారి. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు అన్నమాట. దినపత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటుతో తెలుగును ఎంతో అందంగా చూపించేవి. తర్వాత ఏమైందో చూడండి. ఆర్‌టీఎస్‌లో రాసింది ఇవాళ్టికీ చిన్న ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మారుతుంది, ఏ పనిముట్టూ లేకపోయినా మనిషి కళ్ళతో చదవగలడు. ఫాంటు దారిలో రాసింది ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలే. అందుకే ఫాంటు ఫాంటుకూ వేరే పట్టిక తయారుచేసుకుని వాటిని యూనికోడ్‌లో చూపించే పద్మ అనే జోడింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అవసరమైంది. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక తొలి సంచికలను ఇవాళ ఫోన్‌లో చదవగలుగుతున్నామంటే, వాటిని యూనికోడ్‌లోకి తెచ్చి పెట్టిన ఓపికే కారణం. ఇప్పుడు తిరగకట్టేవారు కూడా ఫాంటు మోజు తగ్గించుకుంటే మంచిది. తెలుగు వెబ్ ఫాంటు ఒక్కటే వందల కేబీలు ఉండొచ్చు, వ్యాసం కంటే ఎన్నో రెట్లు. ప్రతి ఫోన్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంది. ఆ శ్రద్ధ వరుసల మధ్య ఎడం మీద పెట్టాలి. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో మన వత్తులు కింది వరుస తలకట్టులకు తగులుతాయి. ఒక్క అంకె మారిస్తే ఆ ఇబ్బంది పోతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఫేస్‌బుక్‌లో రాసుకుంటే సరిపోదా అనేవారున్నారు. పాఠకులు అక్కడే ఉన్నారన్నది నిజం, కాదనలేం. అక్కడ రాయండి కూడా, కానీ అసలు ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. సొంత పేజీలకు ఒకప్పుడు ప్రపంచానికే రాజధానిలాంటి జియోసిటీస్‌ను 1999లో యాహూ వందల కోట్ల డాలర్లు పోసి కొంది, 2009 అక్టోబరులో మూసేసింది. మన కుర్రకారు ఒకప్పుడు పొద్దస్తమానం గడిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడ్డాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎలాగూ దాచిపెడుతుందిగా అనేవారూ ఉన్నారు. 1996 నుంచి ఆ సంస్థ చేస్తున్న సేవ వెలకట్టలేనిది. అయినా 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల కొన్ని రోజులపాటు అదే అందుబాటులో లేకుండా పోయింది. పక్కింటివారి దగ్గర ఒక తాళంచెవి ఉండటం మంచిదే, మన దగ్గర మనది ఉండాలి కదా.

పాఠకుల స్పందనలు, వెతుకులాట పోతాయన్నది ఇంకొంచెం బరువున్న అభ్యంతరం. తెలుగులో చాలా వ్యాసాల కింద జరిగిన వాదోపవాదాలు వ్యాసం కంటే విలువైనవన్నది ఒప్పుకోవలసిందే. వాటిని పారేయమనడం లేదు. అవీ రాతే. పాత స్పందనలను తేదీలతో సహా అదే పేజీ కింద మామూలు అక్షరాలుగా అచ్చువేసేయాలి. కొత్తవాటికి ఈమెయిల్ చిరునామా ఇస్తే సరి. వెంటనే కనబడాలనే తొందర ఉన్నవారు కొందరు తగ్గుతారు, చెత్త ప్రకటనలు పూర్తిగా తగ్గుతాయి. ఇక వెతుకులాట. అయిదు వందల వ్యాసాల సైటుకు శీర్షికలన్నీ ఉన్న ఒక్క విషయసూచిక పేజీ చాలు. బ్రౌజర్ తానే అందులో వెతికిపెడుతుంది.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించే ఆక్షేపణ వేరు. ఇదంతా ప్రోగ్రామర్ల ముచ్చట, కవికో రిటైరైన మాస్టారికో ఇది చేతకాదు అంటారు. నిజమే. వర్డ్‌ప్రెస్‌లో ఫోన్ మీద రాసి బటన్ నొక్కితే అయిపోతుంది, జెకిల్‌తో ఆదేశాలు టైపు చేసే నల్లతెర ముందు కూర్చోవాలి. అంతేనా, ఆ పనిముట్లు కూడా పాతబడతాయి. అయిదేళ్ళ కిందటి జెకిల్ సైటును కొత్త కంప్యూటర్‌లో నడపబోతే గంటలు తినేయగలదు. అయితే ఈ రెండు కష్టాలూ రాసే గదివి, పాఠకుడి గదివి కావు. వర్డ్‌ప్రెస్‌ను ఇంట్లో కంప్యూటర్‌లోనో, తాళం వేసిన మూలనో ఉంచుకుని, అది తయారుచేసిన పేజీలను మాత్రం ఫైళ్ళుగా బయటపెట్టే ప్లగిన్లున్నాయి. రాసేవారికి పాత అలవాటే ఉంటుంది, బయట బాట్లకు తట్టడానికి తలుపుండదు. జెకిల్ చచ్చినా అది ఇదివరకే తయారుచేసిన పేజీలు చావవు, అచ్చాఫీసు మూతపడితే అమ్ముడైన పుస్తకాలు మాయం కానట్టే. ఎవరో ఇచ్చే ఉచిత చోటులో ఈ ఫైళ్ళు పెడితే సొంత హోస్టింగ్ ఎలా అవుతుందని పట్టుపట్టేవారికీ ఇదే జవాబు. డొమైన్ మీ పేరున ఉండి, ఫైళ్ళ ప్రతి మీ దగ్గర ఉంటే, ఆ చోటు నచ్చని రోజున ఒక పూటలో మారిపోవచ్చు. గదిలో సర్వర్ గుయ్యిమనడం కంటే ఎప్పుడైనా లేచి వెళ్ళగలగడమే సొంతదనం. ఇంట్లోనే నడపాలన్నా, మన బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ కంపెనీలు చాలావరకు ఒకే ఐపీ చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతున్నాయి కాబట్టి బయటివారికి ఆ ఇంటి తలుపు దొరకడమే కష్టం.

తేలిక చేసే ఉత్సాహంలో ఒక ప్రలోభం ఉంటుంది, దాన్ని మాత్రం గట్టిగా ఆపుకోవాలి. పాత రాతలు చదువుతుంటే సిగ్గేస్తుంది. ఇరవై ఏళ్ళ కిందటి ఆవేశం, అచ్చుతప్పులు, తర్వాత మార్చుకున్న అభిప్రాయాలు. వీటినీ తీసేద్దామనిపిస్తుంది. ఎవరినైనా గాయపరిచేదో, ఎవరి ఫోన్ నంబరో ఉంటే తీసేయవలసిందే. మిగతాది ఉండనివ్వాలి. అప్పటి అభిప్రాయం తప్పని ఇప్పుడు తోస్తే పైన తేదీ వేసి రెండు వాక్యాలు చేర్చవచ్చు. 25 ఎంబీలో ఆదా చేసుకోవడానికి ఏముంది?

తేలిక చేసిన తర్వాత కూడా చూసుకోవలసినవి కొన్ని ఉంటాయి. బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అని బెదిరించకుండా ఉండటానికి కావలసిన సర్టిఫికెట్ ఇప్పుడు ఉచితంగా దొరుకుతోంది, దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవచ్చు. డొమైన్ మాత్రం డబ్బు కట్టకపోతే పోతుంది. గడువు, ఆపై ఇచ్చే వెసులుబాటు దాటాక ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా చేజారిన తెలుగు చిరునామాల్లో జూదం ప్రకటనలు ఆడుతుండటం కొత్త దృశ్యమేం కాదు. సైటు పెట్టిన మనిషి పోయినప్పుడు ఇంట్లోవారికి పాస్‌వర్డ్ తెలియదు, డేటాబేస్ అంటే ఏమిటో తెలియదు. ఫోల్డర్ నిండా మామూలు ఫైళ్ళుంటే మాత్రం వాటిని ఎవరైనా తెరవగలరు, ఇంకోచోట పెట్టగలరు. మీకు సొంత సైటుంటే ఇవాళే డొమైన్ గడువు తేదీ చూడండి. ఆ తేదీ, డొమైన్ ఎక్కడ కొన్నారో ఆ కంపెనీ పేరు, ఫోల్డర్ ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాసి బీమా కాగితాల పక్కన పెట్టండి. ఇంట్లో ఒకరికి చెప్పండి.